ఐడిలింగ్‌లో ఆగిపోయే పాత కారు: స్క్రూ తిప్పే ముందు చూడాల్సిన గాలి దారి

సంక్షిప్తంగా: పాత పెట్రోల్ కారు పరుగులో బాగుండి, యాక్సిలరేటర్ వదిలి ఇంజిన్ ఊరికే తిరిగే ఐడిలింగ్‌లోకి రాగానే ఆగిపోతుంటే ఇంజిన్ పాడైందని అనుకోనక్కర్లేదు. చాలాసార్లు లోపం గాలి దారిలోనో, ఐడిలింగ్‌కు పెట్రోల్ ఇచ్చే సన్న రంధ్రమైన ఐడిల్ జెట్‌లోనో, ఒక తీగ కనెక్షన్‌లోనో ఉంటుంది. ఐడిలింగ్ స్క్రూ తిప్పి వేగం పెంచితే లోపం కొన్నాళ్లు దాక్కుంటుంది, పెట్రోల్ ఖర్చు మాత్రం పెరుగుతుంది. బండి ఏ పరిస్థితిలో ఆగుతోందో ముందు గమనించి, ఖర్చులేని పరీక్షలు ఒక్కొక్కటిగా చేసుకుంటూ పోతే సగం భాగాలు కొనే పని తప్పుతుంది.

పండగ రోజుల్లో పంతంగి టోల్ గేటు ముందు వరసలో నిలబడ్డప్పుడు, నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడు, జడ్చర్ల చౌరస్తాలో మలుపు తిప్పుతున్నప్పుడు పాత కారు ఉన్నట్టుండి బంద్ పడటం దక్షిణ తెలంగాణలో చాలామందికి తెలిసిన ఇబ్బందే. మారుతీ 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా ఆ కార్లు, ఆ కాలపు ఆమ్నీలు, జెన్‌లు, శాంత్రోలు, తొలి ఆల్టోలు మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్నాయి. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చాక ఇలా ఆగిపోయే ప్రతి బండికీ ఆ పెట్రోలే కారణమన్న మాట బాగా వ్యాపించింది. అందులో కొంత నిజం ఉంది. ఆ కొంత ఎంతో తేల్చుకోవాలంటే ముందు ఐడిలింగ్‌లో ఇంజిన్ ఎలా బతుకుతుందో తెలియాలి.

ఐడిలింగ్‌లో చిన్న చిల్లు ఎందుకంత ప్రమాదం

యాక్సిలరేటర్ వదిలినప్పుడు గాలి దారిని తెరిచి మూసే త్రాటిల్ పలక దాదాపు మూసుకుపోతుంది. పలక అంచు సందులోంచి, పక్కనున్న చిన్న దారిలోంచి వచ్చే గాలితోనే ఇంజిన్ తిరగాలి. ఆ గాలి ఎంతో లెక్క వేస్తే విషయం స్పష్టమవుతుంది. మారుతీ 800 ఇంజిన్ 796 సీసీ. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 400 సార్లు తన పూర్తి పరిమాణాన్ని పీలుస్తుంది, అంటే సుమారు 318 లీటర్లు. కానీ ఐడిలింగ్‌లో మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) లోపలి పీడనం బయటి గాలి పీడనంలో మూడో వంతు దగ్గర ఉంటుంది. కాబట్టి నిజంగా లోపలికి వెళ్లేది నిమిషానికి 100 లీటర్లకు కాస్త అటూ ఇటూ.

ఇప్పుడు మానిఫోల్డ్‌కు తగిలించిన రబ్బరు పైపులో 2 మిల్లీమీటర్ల చిల్లు పడిందనుకుందాం. లోపలి శూన్యం బలంగా లాగుతుంది కాబట్టి ఆ చిల్లులోంచే నిమిషానికి 20 నుంచి 25 లీటర్ల గాలి దూరుతుంది. ఐడిలింగ్ గాలిలో అది దాదాపు నాలుగో వంతు. గాలిలో పెట్రోల్ కలిపే కార్బొరేటర్ గుండా రాని ఈ గాలికి తోడుగా పెట్రోల్ రాదు. మిశ్రమం పలచబడుతుంది, ప్లగ్గు నిప్పు వేసినా అంటుకోదు, బండి ఆగుతుంది. అదే ఇంజిన్ నిమిషానికి 5000 చుట్లతో, త్రాటిల్ పూర్తిగా తెరుచుకుని పరుగెడుతుంటే 1500 లీటర్లకు పైగా పీలుస్తుంది. అప్పుడు మానిఫోల్డ్‌లో శూన్యం దాదాపు ఉండదు, చిల్లులోంచి దూరే గాలి లెక్కలోకే రాదు. హైవే మీద నిక్షేపంగా పోయే బండి టోల్ గేటు దగ్గర ఆగడానికి కారణం ఇదే.

మూడు సిలిండర్ల ఇంజిన్ 800 చుట్ల దగ్గర సెకనుకు 20 సార్లు మాత్రమే మండుతుంది. అందులో రెండు మూడు తప్పినా వరుస తెగిపోతుంది. వేగంలో ఉన్న ఇంజిన్‌ను ఫ్లైవీల్ బరువు లాక్కుపోతుంది. ఐడిలింగ్‌లో ఆ ఆసరా తక్కువ.

ఎప్పుడు ఆగుతోంది?

షెడ్డుకు తీసుకెళ్లే ముందు యజమాని చేయగల అతి విలువైన పని రెండు మూడు రోజులు గమనించి రాసుకోవడం. "బండి ఆగిపోతోంది" అని మాత్రమే చెబితే మెకానిక్ ముందున్న దారి ఒకటే: ప్లగ్గులు మార్చు, కార్బొరేటర్ కడుగు, స్క్రూ తిప్పు. ఆగే సందర్భం చెబితే వెతకాల్సిన చోటు బాగా కుదించుకుపోతుంది.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రమే ఆగి, పది నిమిషాలకు కుదుటపడితే స్టార్టింగ్‌లో మిశ్రమాన్ని చిక్కగా చేసే చోక్, చల్లని ఇంజిన్‌కు అదనపు గాలి ఇచ్చే ఐడిల్ వాల్వ్, లేదంటే కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్ వైపు చూడాలి. వేడెక్కాక మాత్రమే ఆగుతుంటే క్లియరెన్స్ (ఉండాల్సిన సన్న సందు) తగ్గి బిగుసుకున్న వాల్వులు, వేడికి తెగే ఇగ్నిషన్ కాయిల్, కంప్యూటర్ ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మించే ఎంపీఎఫ్ఐ కార్లలో ఇంజిన్ తిరుగుడును గమనించే క్రాంక్ సెన్సర్ అనుమానితులు. కాయిల్, క్రాంక్ సెన్సర్ లోపాలకు ఒక గుర్తుంది. బండి పరుగులో కూడా ఆగుతుంది, అరగంట చల్లారనిస్తే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతుంది.

బ్రేకు తొక్కినప్పుడల్లా ఐడిలింగ్ పడిపోతుంటే ఇంజిన్ శూన్యంతో పెడల్‌కు బలమిచ్చే బ్రేకు బూస్టర్ పైపు, దానిలోని డయాఫ్రమ్ (రబ్బరు పొర) చూడాలి. దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, గట్టిగా నొక్కి పట్టుకుని స్టార్ట్ చేయాలి. బూస్టర్ బాగుంటే పెడల్ కాలి కింద కాస్త కిందికి జారుతుంది. జారకపోయినా, పెడల్ దగ్గర బుసబుసమని గాలి చప్పుడు వినిపించినా బూస్టర్ లీకే. ఇది ఆగిపోయే సమస్య మాత్రమే కాదు, బ్రేకుల సమస్య కూడా. రెండో రోజుకు వాయిదా వేయకూడదు.

ఏసీ వేయగానే ఆగితే, ఆ బరువుకు తగ్గట్టు ఐడిలింగ్ పెంచే ఐడిల్ అప్ పని చేయడం లేదని అర్థం. కార్బొరేటర్ కార్లలో ఈ పని చిన్న శూన్యపు డయాఫ్రమ్ చేస్తుంది. ఏసీ స్విచ్ వేసినప్పుడు అది త్రాటిల్ లివర్‌ను కొద్దిగా తోయడం బానెట్ ఎత్తి చూస్తే కంటికి కనిపిస్తుంది. కదలకపోతే డయాఫ్రమ్ చిరిగింది లేదా దానికొచ్చే సన్న పైపు ఊడింది. హెడ్‌లైట్లు, ఫ్యాను వేసినప్పుడు ఆగితే చార్జింగ్ చూడాలి. ఇంజిన్ ఆపినప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపాలి. కొత్త బ్యాటరీ వేసిన మర్నాటి నుంచి ఎంపీఎఫ్ఐ కారు ఆగడం మొదలైతే కంగారు అక్కర్లేదు. కరెంటు పోవడంతో కంప్యూటర్ తాను నేర్చుకున్న ఐడిల్ స్థానాన్ని మరిచిపోయి ఉంటుంది. ఏమీ వేయకుండా పది నిమిషాలు, ఏసీ వేసి మరో పది నిమిషాలు ఐడిలింగ్‌లో వదిలితే చాలా మోడళ్లు మళ్లీ నేర్చుకుంటాయి.

గాలి లీకును పట్టుకోవడం

వెతకాల్సిన చోట్లు: బ్రేకు బూస్టర్‌కు వెళ్లే లావు పైపు, ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి మానిఫోల్డ్‌కు పంపే పీసీవీ వాల్వు పైపు, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీది శూన్యపు అడ్వాన్స్‌కు (నిప్పు పడే సమయాన్ని ముందుకు జరిపే భాగం) వెళ్లే సన్న పైపు, కార్బొరేటర్ కింద గాస్కెట్, మానిఫోల్డ్ గాస్కెట్, ఇంజెక్టర్ల రబ్బరు రింగులు. ఎల్‌పీజీ కిట్ వేయించిన కార్లలో మిక్సర్ అతుకులు కూడా ఈ జాబితాలో చేరతాయి.

రబ్బరు పైపును పైనుంచి చూస్తే సరిపోదు. పగులు దాదాపు ఎప్పుడూ నాజిల్ మీదికి ఎక్కిన చివర్లో, కింది వైపున ఉంటుంది. వేలితో వంచితేనే నోరు తెరుస్తుంది. నల్లగా, గట్టిగా, గాజులా మెరిసే పైపు అయితే పగులు కనిపించకపోయినా మార్చడమే మేలు. చివర అర అంగుళం పాడై, మిగతా పైపు మెత్తగా ఉంటే ఆ ముక్క కోసి మళ్లీ తొడిగితే చాలు.

తర్వాత నొక్కుడు పరీక్ష. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి, ఐడిలింగ్‌లో ఉండగా ముక్కు పట్టకారుకు గుడ్డ చుట్టి ఒక్కో పైపును మానిఫోల్డ్ దగ్గరే నొక్కాలి. ఏ పైపు నొక్కితే ఇంజిన్ కుదుటపడుతుందో లీకు ఆ పైపులోనో, దాని చివరనున్న పరికరంలోనో ఉంది. గాస్కెట్ల కోసం చిన్న స్ప్రే సీసాలో సబ్బు నీళ్లు నింపి అతుకుల మీద సన్నగా చల్లాలి. లీకున్న చోట నీరు లోపలికి లాగబడి ఇంజిన్ శబ్దం ఒక్క క్షణం మారుతుంది. డిస్ట్రిబ్యూటర్, కాయిల్ తడవకుండా చూసుకోవాలి. కొన్ని షెడ్లలో ఇదే పని పెట్రోల్ చల్లి చేస్తారు. వేడి సైలెన్సర్ మానిఫోల్డ్ పక్కన అది నిప్పుతో ఆడటమే, ఒప్పుకోవద్దు.

పీసీవీ వాల్వును విప్పి చెవి దగ్గర ఊపితే లోపల గుండు గలగలమనాలి. చప్పుడు లేకపోతే నూనె మడ్డితో అతుక్కుపోయింది. తెరుచుకున్న స్థితిలో అతుక్కుంటే అదే ఒక పెద్ద లీకు. క్లీనర్‌తో కడిగి చూడవచ్చు, కొత్తది కొన్నా ఖరీదు ఎక్కువేం కాదు.

శూన్యాన్ని కొలిచే వ్యాక్యూమ్ గేజ్ ఉన్న షెడ్డు దొరికితే పని ఇంకా తేలిక. మంచి ఇంజిన్ ఐడిలింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం దగ్గర ముల్లు నిలకడగా ఉంటుంది. నిలకడగానే ఉండి తక్కువ చూపితే లీకు లేదా వెనకబడిన టైమింగ్ (ప్లగ్గు నిప్పు వేసే సమయం). ఒకే లయలో కొట్టుకుంటే ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచి పెట్రోల్ ఇచ్చే ఎంపీఎఫ్ఐ కార్లలో, అంటే మారుతీ ఎంపీఎఫ్ఐల వంటి వాటిలో, గాలి లీకైతే కంప్యూటర్ ఆ గాలికీ పెట్రోల్ జతచేస్తుంది. అందువల్ల ఐడిలింగ్ పడిపోవడానికి బదులు పెరుగుతుంది, లేదా పైకీ కిందికీ ఊగుతుంది. అలాంటి కారు ఊగకుండా నేరుగా ఆగిపోతుంటే లీకు కన్నా మూసుకుపోయిన గాలి దారిని ముందు అనుమానించాలి.

కార్బొరేటర్‌లో, త్రాటిల్ బాడీలో

కార్బొరేటర్ కారు ఐడిలింగ్‌లో అస్సలు నిలవక, యాక్సిలరేటర్ తొక్కితే మామూలుగా నడిస్తే ముందు చూడాల్సింది ఫ్యూయల్ కట్ సోలినాయిడ్, అంటే తాళం తీసేస్తే ఐడిల్ పెట్రోల్‌ను ఆపే కరెంటు వాల్వు. చాలా కార్బొరేటర్లకు ఇది పక్కన బొటనవేలంత ఉంటుంది, ఒక తీగ వస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం చెవి తిప్పితే "టక్" మని వినిపించాలి. వినిపించకపోతే తీగ ఊడిందో, ఫ్యూజు పోయిందో, సోలినాయిడే కాలిందో చూడాలి. తీగ బిగించడంతో తీరే సమస్యకు కార్బొరేటర్ మొత్తం విప్పి, కిట్ వేసి, బిల్లు చేసిన సందర్భాలు తక్కువేం కాదు.

సోలినాయిడ్ బాగుంటే ఐడిల్ జెట్ వంతు. దాని రంధ్రం అర మిల్లీమీటరు లోపే, మట్టి రేణువొకటి చాలు మూయడానికి. దాన్ని పిన్నుతోనో తీగతోనో పొడవకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక ఎప్పటికీ సరైన కొలత ఇవ్వదు. కార్బొరేటర్ క్లీనర్, ఆపై కంప్రెసర్ గాలి చాలు.

ఎంపీఎఫ్ఐ కారులో గాలి గొట్టం విప్పి త్రాటిల్ పలకను వేలితో తెరిస్తే, పలక ఆనే చోట నల్లని జిడ్డు వలయం కనిపిస్తుంది. ఐడిల్ గాలి పోయే సందు సరిగ్గా అదే. త్రాటిల్ క్లీనర్‌ను గుడ్డ మీద చల్లి రెండు వైపులా తుడవాలి. నేరుగా లోపలికి గుమ్మరిస్తే సెన్సర్లు పాడయ్యే ప్రమాదం ఉంది. ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వును విప్పి దాని మొనను, అది కూర్చునే గుంతను కూడా శుభ్రం చేయాలి. స్టెప్పర్ మోటారు రకమైతే మొనను చేత్తో లాగడం, నొక్కడం చేయరాదు. పలకను ఆపే చిన్న స్టాప్ స్క్రూ కంపెనీలో బిగించి పెట్టినది. దాన్ని తిప్పితే త్రాటిల్ సెన్సర్ వోల్టేజీ మారి, బండి ఐడిలింగ్‌లో ఉందన్న సంగతే కంప్యూటర్‌కు తెలియకుండా పోతుంది. చాలా మోడళ్లలో పలక మూసినప్పుడు ఆ వోల్టేజీ 0.5 దగ్గర ఉండాలి.

నిప్పు సంగతి

డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి తెంచే పాయింట్లున్న పాత కార్లలో పాయింట్ గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ., పాత మారుతీల ప్లగ్గు గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి, కంటి అంచనా పనికిరాదు. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి ఇంజిన్ నడిపితే, లీకయ్యే ప్లగ్గు తీగల మీద సన్నని నీలి మెరుపులు కనిపిస్తాయి. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల వెంట్రుకలాంటి నల్ల గీత ఉంటే కరెంటు దారి తప్పుతోందని గుర్తు. తుడిస్తే పోదు, క్యాప్ మార్చాలి.

ఇథనాల్ పెట్రోల్ వాటా ఎంత?

20 శాతం ఇథనాల్ పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి రావడం మొదలై, 2025 నాటికి దాదాపు అంతటా అదే దొరుకుతోంది. మామూలు పెట్రోల్ పూర్తిగా మండటానికి ఒక కిలోకు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. రెండూ కలిసిన ఈ పెట్రోల్‌కు ఆ లెక్క 13.5 దగ్గరకు వస్తుంది. అంటే పాత జెట్‌తోనే నడిచే కార్బొరేటర్‌లో మిశ్రమం సుమారు 8 శాతం పలచబడుతుంది. ఐడిలింగ్ అసలే అంచు మీద నడుస్తున్న బండిని ఆపడానికి ఇది చాలు. మిశ్రమం స్క్రూను కొద్దిగా వదులు చేస్తే ఐడిలింగ్ వరకు ఇది సర్దుకుంటుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఎంపీఎఫ్ఐ కార్లలో ఈ సర్దుబాటును కంప్యూటరే చేస్తుంది. అలాంటి కారు ఆగితే మిశ్రమం నెపం పెట్రోల్ మీద వేసే ముందు సెన్సర్ పనిచేస్తోందా అని చూడాలి.

నెమ్మదిగా చేసే నష్టం వేరే ఉంది. పాత కార్ల రబ్బరు పైపులు, ఫ్లోట్ నీడిల్ మొన, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ ఇంత ఇథనాల్‌ను తట్టుకునేలా చేసినవి కావు. ఉబ్బుతాయి లేదా గట్టిపడి పగులుతాయి. పెట్రోల్ పైపులు మార్చేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే రకమే అడిగి తీసుకోవాలి. ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కూడా ఇథనాల్ కరిగించి ఫిల్టర్‌కు చేరుస్తుంది.

ఇక నీటి సమస్య. యజమాని హైదరాబాద్‌లో ఉండి, దసరాకూ సంక్రాంతికీ మాత్రమే బయటికి తీసే కార్లు మన పల్లెల్లో ఎన్నో. సగం ట్యాంకుతో నెలల తరబడి నిలిచిన బండిలో ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి, పంపు లాగేది ఆ అడుగు నుంచే. పరీక్ష సులువు. ఫిల్టర్ దగ్గర పైపు విప్పి, పారదర్శకమైన గాజు సీసాలో పావు లీటరు పట్టి, పావుగంట కదపకుండా పెట్టాలి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేయాల్సిందే, స్క్రూలు తిప్పి లాభం లేదు.

ఎండ, బోరు నీళ్లు, దుమ్ము

నల్లగొండ, సూర్యాపేట వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 43, 44 డిగ్రీలు దాటడం మామూలే. కార్బొరేటర్ కార్లలో పెట్రోల్ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. ట్రాఫిక్‌లో బండి నిలిచిపోతే పైపులోని పెట్రోల్ ఆవిరై బుడగలు కడుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు కానీ ఆవిరిని తోయలేదు. పంపు మీద తడి గుడ్డ వేస్తే పది నిమిషాల్లో స్టార్ట్ అయిందంటే ఇదే కారణమని దాదాపు ఖాయం. శాశ్వత పరిష్కారానికి ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ పైపు మూసుకుపోలేదని చూడాలి, పెట్రోల్ పైపు ఎగ్జాస్ట్‌ను తాకకుండా జరపాలి, వేడిని అడ్డుకునే రేకు పోయి ఉంటే మళ్లీ బిగించాలి.

ఎండకు భయపడి చేసే ఒక పని మేలు కన్నా కీడే చేస్తుంది. "వేడి ప్రాంతం, థర్మోస్టాట్ ఎందుకు" అని, ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆపే ఆ వాల్వును తీసి పారేయడం. అప్పుడు ఇంజిన్ 80 డిగ్రీల పైకి సరిగా చేరదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ అదనపు పెట్రోల్ ఇస్తూనే ఉంటుంది. ప్లగ్గులు నల్లబడి, ఐడిలింగ్ తడబడి, చివరికి ఆగుతుంది.

రేడియేటర్లో బోరు నీళ్లు పోయడమూ అలాంటిదే. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కానీ, రేడియేటర్‌ను పాడుచేసేది నీటి కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున కట్టే తెల్లని పొరే కూలెంట్ సెన్సర్ మొన మీదా కడుతుంది, సెన్సర్ అసలు వేడిని ఆలస్యంగా, తక్కువగా చూస్తుంది. చాలా మారుతీ సెన్సర్లు 20 డిగ్రీల దగ్గర 2.2 నుంచి 2.7 కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 0.3 కిలో ఓమ్ ప్రాంతంలో చూపాలి. వేడి నీళ్ల గ్లాసు, థర్మామీటర్, మల్టీమీటర్ ఉంటే ఇంట్లోనే కొలవవచ్చు. రేడియేటర్లో డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపే పోయాలి.

దుమ్ము గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల చుట్టుపక్కల, క్వారీ లారీలు తిరిగే రోడ్ల మీద నడిచే బండికి ఎయిర్ ఫిల్టర్ గడువును పుస్తకంలో రాసిన దానిలో సగానికి తగ్గించుకోవాలి.

పొల్యూషన్ కాగితం చెప్పే మాట

చాలామంది పోలీసులకు చూపించడానికే దాచుకునే పొల్యూషన్ సర్టిఫికెట్‌లో ఐడిలింగ్ ఆరోగ్యం అంకెల్లో ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ శాతం ఎక్కువైతే మిశ్రమం చిక్కగా ఉంది. అది తక్కువగా ఉండి హైడ్రోకార్బన్ పీపీఎం (పది లక్షల్లో ఎన్ని భాగాలు) ఎక్కువైతే పెట్రోల్ మండకుండానే బయటికి పోతోంది, అంటే గాలి లీకు లేదా ప్లగ్గు మిస్సింగ్. బీఎస్-2 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో రెండోది)కి ముందు పెట్రోల్ కార్లకు పరిమితి 3 శాతం, 1500 పీపీఎం. బీఎస్-2, బీఎస్-3 కార్లకు 0.5 శాతం, 750 పీపీఎం. పరిమితిలోపే ఉన్నా, పోయినసారి కాగితంతో పోల్చి ఏ అంకె ఎటు జరిగిందో చూడటం మంచి పద్ధతి.

ఇవన్నీ సరిగా ఉండి, వేడెక్కాక మాత్రమే ఆగుతుంటే వాల్వ్ క్లియరెన్స్ కొలిపించాలి. ఎల్‌పీజీ మీద చాలాకాలం నడిచిన ఇంజిన్లలో వాల్వ్ సీటు అరిగి క్లియరెన్స్ తగ్గిపోతుంది, వేడికి వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆపై కంప్రెషన్ పరీక్ష. సిలిండర్ల మధ్య తేడా 15 శాతం మించితే అప్పుడు మాత్రమే హెడ్ విప్పే మాట ఎత్తాలి.

చివరగా స్క్రూ

లీకులు మూసి, జెట్ కడిగి, నిప్పు సరిచేశాకే కార్బొరేటర్ స్క్రూల వంతు. రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజిన్ వేడెక్కాలి. ఎయిర్ ఫిల్టర్ దాని స్థానంలోనే ఉండాలి. ఏసీ, లైట్లు ఆపి, ఐడిలింగ్ స్క్రూతో 850 నుంచి 900 చుట్ల దగ్గర పెట్టాలి. తర్వాత మిశ్రమం స్క్రూను పావు చుట్టు చొప్పున బయటికి తిప్పుతూ, ప్రతిసారీ పది సెకన్లు ఆగి వినాలి. వేగం ఇక పెరగడం లేదనిపించిన చోట ఆపి, కాస్త తగ్గేదాకా లోపలికి తిప్పి వదలాలి. ఐడిలింగ్‌ను మళ్లీ 850కి తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఏసీ, హెడ్‌లైట్లు వేసి, బ్రేకు తొక్కి పట్టుకుని రెండు నిమిషాలు చూడాలి. బండి నిలిస్తే మర్నాడు పొద్దున చల్లని ఇంజిన్‌తో మరోసారి ఇదే పరీక్ష చేయాలి. అప్పుడూ నిలిస్తే పని పూర్తయినట్టే.